మూడో చరణం

ఎవారిస్టు నల్లకోటు మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె నడిపిస్తూ గొంతులోనే పాట పాడుకుంటున్నాడు. కుడి చెయ్యి మడతలు పోయేసరికి మొదటి చరణం అయింది, ఎడమ చెయ్యికి రెండోది. కాలరు దగ్గర ఆగి, కుట్టుమిషను సొరుగులోంచి చీటీ తీసి మూడో చరణం ఒకసారి చూసుకుని, కోటు లోపలి జేబులో పెట్టాడు. నలభై ఒక్క ఏళ్లుగా ఆటున్న ప్రతి ఆదివారం ఇదే వరస.

మా గోవా తియాత్రు నాటకానికి ఏడు తెరలు. ఒక తెర పడి ఇంకొకటి లేచేలోగా లోపల ఇల్లు పీకి చర్చి నిలబెట్టాలి, చర్చి పీకి ఓడ నిలబెట్టాలి. ఆ చప్పుడు జనం పట్టించుకోకుండా తెర ముందు ఎవరో ఒకరు పాడుతూ ఉండాలి. పాటకు రెండు చరణాలు. నచ్చితే జనం ఈలలు వేసి ‘వన్స్ మోర్’ అంటారు. అప్పుడు తిరిగొచ్చి పాడటానికి మూడో చరణం దగ్గర పెట్టుకోవాలి. పాడిందే మళ్లీ పాడితే మావాళ్లు ఊరుకోరు. పేరున్న గాయకులైతే అయిదారు చరణాలు రాసుకుని వస్తారు.

ఎవారిస్టును మాత్రం ఇంతవరకూ ఎవరూ వెనక్కి పిలవలేదు. అలాగని చెడ్డగా పాడతాడని కాదు. శ్రుతి తప్పడు, మాట మింగడు. అతను పాడుతుంటే జనం హాయిగా శనగల పొట్లాలు విప్పుకుంటారు, పిల్లల్ని బయటికి తీసుకెళ్లి వస్తారు. అదీ ఒక ఉపకారమే, కాకపోతే దానికి ఈలలు పడవు. కంపెనీలో బస్సెప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే, ఎవారిస్టు మూడో చరణంతో పాటు వస్తుందనేవాడు హాస్యగాడు రెమెదియు. అందరికంటే ముందు ఎవారిస్టే నవ్వేవాడు.

అతనికి అరవై నాలుగేళ్లు. పొట్టి మనిషి. సన్నటి మెడ, పాడేటప్పుడు పైకీ కిందికీ పరిగెత్తే గొంతుముడి, రంగు వేసి అణిచి దువ్విన జుట్టు. వారమంతా దర్జీపని చేయడంవల్ల వేళ్ల కొనలు సూదిపోట్లతో గరుకెక్కాయి. నాటకంలో ఎప్పుడూ డాక్టరు వేషమో ఫాదిరీ వేషమో, అంటే ఎవరైనా పోయినప్పుడు వచ్చే మనిషి.

పెళ్లైన కొత్తలో, ఆదివారం అతను ఇంటికి రాగానే భార్య సెవ్రినా గుమ్మంలోనే అడిగేది, “పిలిచారా?” అని. అతను తల అడ్డంగా ఊపేవాడు. పదిహేనేళ్లు అడిగి, ఒక ఆదివారం మానేసింది. అడిగినప్పటికంటే మానేసినప్పుడే అతనికి ఎక్కువ బాధ కలిగింది.

ఆ ఏడాది నుంచే మూడో చరణాలు మారాయి. అంతకుముందు అవి కూడా చేపల ధర మీదా, అత్తల మీదా జనం కోసం రాసినవే. ఎలాగూ ఎవరూ వినరని తెలిశాక అందులో తన సంగతులు రాసుకోసాగాడు. రెండు చరణాలు హాలుకు, మూడోది తనకు. ఏడాదికో కొత్త పాట. పాడిన చరణాలు ఏడాది తిరిగేసరికి మరిచిపోయేవాడు. పాడనివి మాత్రం ఒక్కటీ మరపుకు రాలేదు.

గురువారంనాడు కంపెనీ యజమాని బోస్కు అతన్ని పక్కకు పిలిచి విషయం చెప్పాడు. వచ్చే నాటకానికి చక్రాల మీద తిరిగే సెట్లు వస్తున్నాయి, తెర ముందు పాటలు ఇక పోస్టరు మీద పేరున్నవాళ్లకే. డాక్టరు వేషం మాత్రం అతనిదేనని మాటిచ్చాడు. ఎవారిస్టు సరేనని, ఈ ఆదివారం పాట ఉంటుందా అని మాత్రం అడిగాడు. ఉంటుందన్నాడు బోస్కు. ఒక్కసారైనా జనం పిలవాలంటే మిగిలింది ఇదొక్కటే.

మధ్యాహ్నం గంజిలో మామిడి ఊరగాయ నంజుకుంటూ ఎడమ భుజం రుద్దుకున్నాడు. ఇస్త్రీపెట్టె బరువనుకున్నాడు. సెవ్రినా నీలం గౌను తొడుక్కుని గొడుగు తీసింది.

“ఎక్కడికి?” అన్నాడు.

“నాటకానికి.”

“ఈ ఎండలో ఎందుకే?”

“నా ఇష్టం,” అంది. ఆమె నాటకానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

మూడున్నరకు ఆట మొదలైంది. నాలుగో తెర పడగానే ఎవారిస్టు కోటు గుండీలు పెట్టుకుని తెర ముందుకు వచ్చి, మైకును తన నోటి ఎత్తుకు దించుకున్నాడు. బస్సు కండక్టరు మీద రెండు చరణాలు పాడాడు. శనగల పొట్లాలు విప్పుకున్నారు. రెండో చరణం ముగించి వంగి దణ్ణం పెట్టబోతుండగా తెర వెనక ఏదో విరిగి పడింది. ఒక మనిషి అరిచాడు.

తెర చీలికలోంచి బోస్కు ముఖం కనబడింది. “పెద్రు కాలు మీద దూలం పడింది. తీస్తున్నాం. జనం లేచి ఎగబడితే కష్టం. నేను చెప్పేదాకా ఆపకు,” అన్నాడు. పెద్రు సెట్లు కట్టే వడ్రంగి.

ఎవారిస్టు బాకా వాయించేవాడి వంక చూసి మళ్లీ మొదలెట్టమని సైగ చేశాడు. జేబులోని మూడో చరణం అందుకున్నాడు. పిలవకుండా మూడో చరణం పాడటమంటే మావాళ్లలో పిలవని పేరంటానికి వెళ్లడమే. వెనక బెంచీలోంచి ఎవడో అన్నాడు, “ఏం తాతా, ఎవరు పిలిచారని?” హాలంతా నవ్వింది. ఎవారిస్టు చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లూ దేనికోసం ఎదురుచూశాడో దాన్ని తన చేతులతోనే నలిపేసుకుంటున్నానని అతనికి తెలుసు. అయినా ఆపలేదు.

అది అయిపోయింది. వెనక ఇంకా మూలుగు వినిపిస్తోంది. ఎవారిస్టు పాటలన్నీ ఒకే బాణీలో ఉంటాయని వాద్యాలవాళ్లు ఎప్పుడూ దెప్పేవారు. ఇవాళ అదే పనికొచ్చింది. పాత మూడో చరణాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముప్పై ఏళ్ల నాటి చేపల ధర వినగానే జనం మళ్లీ నవ్వారు, ఈసారి అతనితో కలిసి. తర్వాత కోటుకు అప్పు తెచ్చిన ఏడాది వచ్చింది. గుమ్మంలో ప్రశ్న ఆగిపోయిన ఆదివారం వచ్చింది. ఆ తర్వాతిది ఏమిటో గుర్తొచ్చి ఒక్క క్షణం తడబడ్డాడు. మూడో వరసలో సెవ్రినా కూర్చుని ఉంది. వెనక ఎవరో “ఎత్తండి, ఎత్తండి” అంటున్నారు. కళ్లు మూసుకుని పాడేశాడు.

తెల్లగౌను కుట్టాను, ఏడేళ్లకని కుట్టాను,
మూడేళ్లకే నువ్వు కొలత చాలించావు.
మడతపెట్టి దాచింది పెట్టెలో మీ అమ్మ,
మడత విప్పమని నేను అడగలేదమ్మా.

కూతురు పుట్టిన ఏడాదే, చర్చిలో మొదటి సత్‌ప్రసాదం నాటికని కుట్టిన గౌను అది. దర్జీ తండ్రి తొందరపాటు. పాప పోయి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఆ గౌను మాట మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు ఒక్కసారీ ఎత్తలేదు. ఆయన మరిచిపోయాడనే సెవ్రినా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు అయిదు వందల మంది మధ్య కూర్చుని విన్నది.

హాల్లో పొట్లాల చప్పుడు ఆగిపోయింది. మొత్తం ఇరవై నిమిషాలు పాడాడు. చివరికి బోస్కు వెనకనుంచి కోటు లాగితే, ఉన్న చరణం ముగించి వంగి దణ్ణం పెట్టి లోపలికి నడిచాడు. పెద్రును అప్పటికే జీపెక్కించారు.

వెనక బెంచీలోంచి ఒక ఈల వచ్చింది. “తాతా, వన్స్ మోర్,” అన్నాడు ఇందాకటివాడే. ఆ వెంటనే హాలంతా అందుకుంది. కాళ్లతో నేల దరువెయ్యసాగారు.

రెమెదియు ఎవారిస్టు భుజాలు పట్టుకున్నాడు. హాస్యగాడి ముఖంలో హాస్యం లేదు. పెద్దవాళ్లను మావాళ్లు పిలిచినట్టు ‘బాబ్’ అని పిలిచాడు. “పిలుస్తున్నారు బాబ్, పో.”

“నా దగ్గర లేదురా.”

“ఏం లేదు?”

“చరణం. ఒక్కటి కూడా మిగల్లేదు.”

ఇందాకటిదే ఏదో ఒకటి పాడమన్నాడు బోస్కు, ఇవాళ ఎవరూ ఏమీ అనరన్నాడు. పాడిందే పాడనన్నాడు ఎవారిస్టు. పాడనప్పుడు వెళ్లొద్దని బోస్కు అంటున్నా వినకుండా తెర ముందుకు వెళ్లాడు. వాద్యాలు మొదలయ్యాయి. చెయ్యెత్తి ఆపించాడు.

“మీరు పిలుస్తారని నలభై ఒక్క ఏళ్లు దాచుకున్నాను. ఇందాక అవసరం వచ్చి అన్నీ వాడేశాను. మన్నించండి,” అన్నాడు.

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. అతను మూడో వరస వైపు చూశాడు. సెవ్రినా చప్పట్లు కొట్టడం లేదు. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, అతని వంకే చూస్తూ తల నిలువుగా ఊపింది. నాకు తెలిసి ఏ గాయకుడికీ అంతకంటే పెద్ద బహుమానం దొరకలేదు.

లోపలికి వచ్చి, డాక్టరు వేషానికి తెల్లకోటు తొడుక్కుని, గోడ పక్కన పెట్టె మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ రెమెదియుతో, ఇక నువ్వు వేళాకోళానికి కొత్తది వెతుక్కోవాలిరా అన్నాడు.

అయిదో తెరలో హీరో తండ్రి మంచం మీద ఆఖరి ఊపిరి తీస్తున్నాడు. డాక్టరు రావాలి. రెమెదియు వచ్చి, “బాబ్, నీ వంతు,” అన్నాడు. ఎవారిస్టు గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. రెమెదియు చెయ్యి పట్టుకున్నాడు. గరుకు వేళ్లు చల్లగా ఉన్నాయి. మంచం మీద పడుకున్న నటుడు రాని డాక్టరు కోసం ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

తెర దించారు. సెవ్రినాను వెనక దారిన లోపలికి తీసుకొచ్చారు. ఆమె అతని పక్కన పెట్టె మీదే కూర్చుని, నుదుటి మీద పడిన జుట్టు సరిచేసింది.

బోస్కు తెర ముందుకు వెళ్లాడు. అతను ఆరడుగుల మనిషి. మైకును తన ఎత్తుకు లేపుకోబోయి, మర మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుని, నడుం వంచి మాట్లాడాడు. ఎవారిస్టు బాబ్ పోయాడని, ఆట ఇంతటితో ఆపేస్తున్నామని చెప్పాడు. ముందు వరసలు లేచి నిలబడ్డాయి, తర్వాత వెనక బెంచీలు. కొంతసేపు అలాగే నిలబడి, మెల్లగా బయటికి నడిచారు.

దీపాలు ఆర్పేటప్పుడు కూడా ఆ మైకు తెర ముందు అలాగే ఉంది, పొట్టి మనిషి నోటి ఎత్తున.