గంగారత్నం ఎత్తగలిగిన మిషను

“నువ్వు పైపు పట్టుకుంటే చాలు వదినా, మిగతాదంతా నేను చూసుకుంటాగా!” అన్నాడు రాంబాబు, ఉప్మాలో జీడిపప్పు పలుకులు ఏరుకుని తింటూ.

గంగారత్నం పొయ్యి దగ్గర నిలబడే వింది. ఆ ఇంట్లో ఉప్మా చేసేది ఆవిడే, అందరూ తిన్నాక గిన్నె అడుగు గీరుకుని తినేదీ ఆవిడే. మరిది మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ప్రేమగానే అన్నాడు. భర్త పోలరాజు పోయినప్పుడు, కొల్లేటి లంక నుంచి ఆవిణ్ణి తన ట్రాలీ ఆటోలో విజయవాడ సింగ్‌నగర్ తీసుకొచ్చి, “ఇది నీ ఇల్లే అనుకో వదినా” అన్నవాడు కూడా అతనే. అనుకోమన్నాడు గనక అనుకుంటూనే ఉంది. కానీ “పట్టుకుంటే చాలు” అన్న మాట చెవిన పడేసరికి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎందుకంటే కాపురం చేసినంత కాలం పోలరాజు ఆవిడతో ఎక్కువగా అన్న మాట అదే. పడవ తాడు పట్టుకో. టార్చిలైటు పట్టుకో. కైకలూరు బజార్లో కాటా వేస్తుంటే సంచి మూతి పట్టుకో. ఏ చేప ఎవరికివ్వాలో అతను చెప్పేవాడు, బేరం అతను చేసేవాడు, పొలుసు మాత్రం గంగారత్నం మోచేతుల దాకా అంటుకునేది. ఇంటికొచ్చాక అతను కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఆవిడ ఆ చేతులే కడుక్కుని అన్నం వండేది. ఎవరైనా “మీ ఇంటావిడ కూడా వ్యాపారం చేస్తుందా?” అని అడిగితే, “అబ్బే, ఆవిడకేం పనుంటుందండీ, ఊరికే తోడొస్తుంది” అనేవాడు. అబద్ధం చెప్పాలని కాదు. నిజంగానే అలా అనుకునేవాడు. అందుకే ఆవిడకి కోపం తెచ్చుకోవడం కూడా కుదిరేది కాదు. చెడ్డవాడి మీదైతే కోపం తెచ్చుకోవచ్చు. నవ్వుతూ మన పనిని తోడు కింద కట్టేసిన మనిషిని ఏమనాలి?

అసలు కార్పెట్లు కడిగే మిషను కొనాలన్న మాట ఎత్తింది గంగారత్నమే. పటమటలో ఒక ఫంక్షన్ హాల్లో ఆవిడ కార్పెట్లు కడుగుతుంది. పెళ్ళి అయిపోయాక స్టేజీ మీద ఎర్ర కార్పెట్ చూడాలి. తలంబ్రాలు ఊడ్చినా ఊడవు, నేతలోకి దిగిపోయి ఉంటాయి. పసుపు, నలిగిన బంతిపూలు, పిల్లలు ఒలకబోసిన ఐస్‌క్రీము. దాన్ని చుట్టి, వెనక మెట్ల మీంచి మేడ మీదికి చేర్చి, తడిపి, సబ్బుపొడి చల్లి, మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో తోమాలి. నీళ్ళు తాగిన కార్పెట్ పడుకున్న గేదె లాంటిది, లాగితే కదలదు. పని కంటే ముందు ఎదురుచూడ్డం ఒకటి. మేనేజరు బసవయ్య మర్యాదస్తుడే. “మంచిదానివేగానీ గంగారత్నం, పెళ్ళివాళ్ళు వెళ్ళేదాకా ఆ వెనక మెట్ల మీదే కూర్చో. ముహూర్తం వేళ నువ్వెదురొస్తే వాళ్ళేమన్నా అనుకుంటారు. నువ్వేమీ అనుకోకు” అనేవాడు. మెట్ల మీద కూర్చుని సన్నాయి వింటూ ఆవిడ ఏమీ అనుకునేది కాదు. ఏమీ అనుకోకుండా ఉండటం కూడా ఒక పనే. దానికి వేరే జీతం ఇవ్వరు, అంతే.

ఒకసారి వినీల అనే బ్యాంకు ఉద్యోగి, మేనకోడలి పెళ్ళికొచ్చి, అందరూ వెళ్ళాక చెయ్యి కడుక్కోవడానికి మేడ మీదికి వచ్చినప్పుడు ఆవిడ పని చూసింది. “మా ఇంట్లో కార్పెట్టూ, సోఫాలూ ఉన్నాయండీ. మేడ మీద ఆరేసే చోటు లేదు. ఇంటికొచ్చి చేసే మిషన్లుంటాయి కదా, అది కొనుక్కుంటే నాకు చెప్పండి. మా బిల్డింగులో ఇంకా చాలామంది అడుగుతున్నారు” అంది. ‘అండీ’ అని ఎవరన్నా పిలిచి ఎన్నాళ్ళయిందో. ఆ మాట పట్టుకునే గంగారత్నం డబ్బు కూడబెట్టింది. ఎలా కూడబెట్టిందన్నది వేరే కథ. డబ్బు ఆవిడదన్న సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా, మిషను మాట బయటపెట్టిన సాయంత్రానికే అది రాంబాబు మిషను అయిపోయింది. ఆటో వెనక ‘రాంబాబు కార్పెట్ క్లీనింగ్’ అని రాయించాలా, ‘రాంబాబు అండ్ కో’ అని రాయించాలా అన్నది ఒక్కటే ఇంకా తేలలేదు.

“ఓనరు గారూ, ముందు ఆ కంచం తీసి సింకులో పడెయ్యండి” అంది అతని భార్య హేమ. గంగారత్నం వైపు తిరిగి, “నీకెందుకక్కా ఈ వయసులో కరెంటు పనులు? తడి చేతుల్తో షాకు కొడితే?” అంది.

“తడి చేతుల్తో గ్రైండరు నేనే కదా వేస్తున్నా” అంది గంగారత్నం.

ఏలూరు రోడ్డులో మిషన్లు అమ్మే దుకాణం ముందు ఆటో ఆపి, “నువ్విక్కడే కూర్చో వదినా, నేను మాట్లాడొస్తా” అన్నాడు రాంబాబు. ఆవిడ ఆటో దిగి అతని వెనకే లోపలికి నడిచింది. సేల్స్ కుర్రాడి పేరు డేనియల్. “రండి సార్, ఏ మోడల్ చూస్తున్నారు సార్?” అని రాంబాబునే అడిగాడు. గంగారత్నానికి మంచినీళ్ళ గ్లాసు, రాంబాబుకి కుర్చీ వచ్చాయి.

మిషన్లు రెండు చూపించాడు. పెద్దది చక్రాల మీద నిలబడి నడుం ఎత్తున ఉంది. చిన్నది పైన పిడితో, బిందె కన్నా కాస్త లావుగా ఉంది. రెండూ చేసే పని ఒకటే. ఒక డబ్బాలో సబ్బు కలిపిన వేడినీళ్ళు పోస్తే పైపు చివర నుంచి కార్పెట్ లోకి చిమ్ముతుంది. ఆ వెంటనే మురికితో సహా నీళ్ళని వెనక్కి పీల్చి రెండో డబ్బాలో పోస్తుంది. “ప్రొఫెషనల్ వర్కుకి పెద్దదే సార్. రెండు మోటార్లు. కార్పెట్ గంటల్లో ఆరిపోతుంది. చిన్నదానికి ఊరికే నీళ్ళు మార్చుకుంటూ ఉండాలి” అన్నాడు డేనియల్.

“విన్నావా వదినా? ప్రొఫెషనల్!” అన్నాడు రాంబాబు, ఆ బిరుదేదో తనకే ఇచ్చినట్టు.

“నేనొకసారి చేసి చూడొచ్చా బాబూ?” అంది గంగారత్నం.

దుకాణం గుమ్మంలో బూడిద రంగు కార్పెట్ ఒకటి ఉంది. చిన్న మిషను దాని పక్కకు తెచ్చి పెట్టారు. ఫోను రావడంతో డేనియల్ అటు తిరిగాడు. గంగారత్నం నీళ్ళు పోసి, పక్కనున్న సబ్బుసీసా ఎత్తి, ఎప్పట్లాగే ధారగా వంచింది. నురగ రాకపోతే మురికి పోయిందంటే ఆవిడ చేతులు నమ్మవు. ఇన్నాళ్ళూ అవి నేర్చుకున్న చదువు అదే. స్విచ్చి వేసింది. నీళ్ళు చిమ్మాయి, నురగ లేచింది, ఆవిడ సంతోషపడేలోపే ఆ నురగంతా మురికినీళ్ళ డబ్బాలోకి పొంగి అంచుదాకా వచ్చేసింది. మిషను సన్నగా కీచుమని అరిచి, పీల్చడం మానేసింది. మూత సందుల్లోంచి నురగ కారి గచ్చు మీద పాకింది.

“ఆపండమ్మా, ఆపండి!” అంటూ డేనియల్ పరిగెత్తుకొచ్చాడు.

రాంబాబు పగలబడి నవ్వాడు. “గుడ్డలుతికే చెయ్యి కదా, ఊరుకుంటుందా! అందుకే అంటున్నా వదినా, మిషను సంగతి నాకొదిలెయ్యి. నువ్వు…” అని ఆగాడు. ఆగిన మాటేమిటో ఆవిడకి తెలుసు.

దుకాణంలో ఉన్న నలుగురూ చూస్తున్నారు. ఒక్క క్షణం, ఆటోలోనే కూర్చుని ఉంటే పోయేది కదా అనిపించింది. ఆ అనిపించడం కూడా ఆవిడకి పాతదే. గుడ్డతో తుడిచి పక్కకు జరగడానికి వంగింది. వంగినప్పుడు డేనియల్ మెల్లగా, “చాలామంది ఇలాగే చేస్తారమ్మా. దీనికి సబ్బు ఒక్క మూతెడు చాలు, నురగ దీనికి పడదు. ఆ డబ్బా పైకి లాగితే వచ్చేస్తుంది, వెనక కుళాయి ఉంది, పారబోసి మళ్ళీ చెయ్యండి” అన్నాడు.

లాగింది, వచ్చేసింది. డబ్బా పట్టుకుని దుకాణం వెనక్కి వెళ్ళి, నురగ పారబోసి, కడిగి, తిరిగి తెచ్చి బిగించింది. మూతతో కొలిచి సబ్బు పోసింది. ఈసారి నురగ లేదు. పైపు చివర్ని కార్పెట్ మీద తన వైపుకి నెమ్మదిగా లాక్కుంటే, మట్టినీళ్ళు లోపలిది కనబడే ప్లాస్టిక్ గొట్టంలోంచి గలగలా వెనక్కి పోతున్నాయి. లాగినంత మేర బూడిద రంగు పోయి కింద నెమలికంఠం రంగు బయటపడింది. “ఓర్నీ, ఇది నీలమా!” అన్నాడు డేనియల్. గంగారత్నం మోకాళ్ళ మీద లేదు, నిలబడే ఉంది. ఇంత పని నిలబడి చెయ్యొచ్చని ఆవిడకెవరూ చెప్పలేదు.

అప్పుడు తట్టింది. డబ్బా ఊడదీసినప్పుడు గానీ, కుళాయి దాకా మోసినప్పుడు గానీ, తెచ్చి బిగించినప్పుడు గానీ ఆవిడ ఎవర్నీ పిలవలేదు. సిగ్గుతో తల వంచుకుని చేసిన పనిలో ఆ సంగతే గమనించలేదు.

“పెద్దదాన్ని గుమ్మం దాటించాలంటే ఎట్లా బాబూ?” అని అడిగింది.

“చక్రాలున్నాయమ్మా. మెట్లు వస్తే మాత్రం ఇంకొకరు పట్టాలి. ఇద్దరుంటే ఈజీ.”

వెళ్ళి పెద్దదాన్ని గుమ్మం దగ్గరికి తోసింది. ఎత్తి చూసింది. ముందు చక్రాలు లేచాయి, వెనకవి లేవలేదు. రాంబాబు చటుక్కున వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. అంతే, పువ్వులా లేచింది. అంత సులువుగా లేచేసరికి ఆవిడకి హాయనిపించింది. ఆ హాయిని చూసే భయం వేసింది.

“చిన్నదే తీసుకుంటాను.”

“వదినా, ఆలోచించు. హాలు కార్పెట్ దీంతో ఎప్పటికి తెములుతుంది? పెద్ద మిషనుంటే హాలు పనంతా మనకే అన్నారు బసవయ్య గారు.”

నిజమే, అన్నాడు. అది నిలకడైన పని. రేపు ఫ్లాట్ల వాళ్ళు పిలవకపోతే ఏమిటన్నది ఆవిడకీ తెలియదు.

“హాలు వదిలేస్తాను.”

“చేతికొచ్చిన పని వదిలేస్తావా! నేనుండగా నీకు బరువెత్తే బాధేమిటి?”

“నువ్వున్నప్పుడు బాధ లేదు రాంబాబూ. నీకు కిరాయి తగిలిన రోజు, జొరమొచ్చిన రోజు, నా మీద కోపమొచ్చిన రోజు నాకు మిషనే ఉండదు.”

“నాకెందుకొస్తుంది కోపం?” అని అరిచాడు రాంబాబు.

డేనియల్ మొహం అటు తిప్పుకుని, లేని దుమ్ము దులిపాడు.

“అయితే నువ్వే మోసుకురా” అని రాంబాబు ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు. డేనియల్ ఈసారి కుర్చీ ఆవిడకి వేసి, “మేడమ్, బిల్లు ఎవరి పేరు మీద?” అన్నాడు. ఆవిడ తన పూర్తి పేరు చెప్పింది. షేర్ ఆటోలో మిషనుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పక్కనున్న ముసలాయన “గ్రైండరా అమ్మా?” అని అడిగాడు. “కాదండీ, నా పని సామాను” అంది.

ఇంట్లో హేమ ఎదురొచ్చింది. “మీ మరిది అలిగారు. అన్నం మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నారులే” అంది. మిషను చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరూ చూడటం లేదనుకుని, పిడి పట్టుకుని ఎత్తింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. దించకుండా అలాగే నిలబడి, “అక్కా, ఇది నేనూ ఎత్తగలను” అంది.

ఈ ఇంటికొచ్చిన రోజునుంచీ హేమ గొంతు గంగారత్నం వింటూనే ఉంది. ఆ గొంతు మాత్రం ఇంతకుముందు వినలేదు.

“సబ్బు ఒక్క మూతెడే వెయ్యాలి” అంది. “కూర్చో, చూపిస్తా.”

ఆదివారం పొద్దున సూర్యారావుపేటలో వినీల వాళ్ళ బిల్డింగు ముందు గంగారత్నం మిషనుతో ఒక్కతే దిగింది. పాత బిల్డింగు, లిఫ్టు లేదు, ఇల్లు మూడో అంతస్తు. మలుపు మలుపుకీ మిషను దించి, ఊపిరి తీసుకుని, చెయ్యి మార్చుకుని ఎక్కింది. భుజం లాగింది. రాంబాబు ఉంటే లాగేది కాదు, అదీ అనుకుంది. అనుకుంటూనే పై మెట్టు ఎక్కింది.

వినీల తలుపు తీసి, ఆవిడ భుజం మీదుగా మెట్ల కిందికి తొంగి చూసింది. “కింద ఇంకా ఎవరన్నా ఉన్నారాండీ? గేటు తీసి ఉంచమని వాచ్‌మన్‌కి చెప్పనా?”

“అక్కర్లేదమ్మా, అందరం వచ్చేశాం” అంది గంగారత్నం, మిషను లోపలికి పెడుతూ. “తలుపు వేసెయ్యండి.”