అక్క చెప్పని ఇరవై నిమిషాలు

మా తోడికోడలు కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుని ఉండకపోతే, నా చేతిలోనే ఏదో లోపం ఉందన్న నమ్మకంతో నేను నిశ్చింతగా ముసలిదాన్నయ్యేదాన్ని.

ఆవిడను అక్కా అంటాను. వాళ్ళది పై వాటా. మాది కింది వాటా, అత్తయ్య మా దగ్గరే ఉంటారు. రెండేళ్ళ క్రితం బ్రుస్కెట్టా చేయడం నేర్పమని నేనే అడిగాను. బ్రహ్మవిద్యేమీ కాదు. రొట్టె ముక్కలు కాల్చి, వేడి మీదే వెల్లుల్లి రుద్ది, పైన సన్నగా తరిగిన టమాటా, తులసిలాంటి బేసిల్ ఆకు, ఆలివ్ నూనె వేయడమే. ఇటలీవాళ్ళు భోజనానికి ముందు నోరు ఊరడానికి తింటారట. అక్క చేస్తే నిజంగానే నోరు ఊరేది. నేను చేస్తే రొట్టె ఊరేది.

అక్క తన చేత్తో రాసిచ్చిన కాగితం నా అలమర తలుపు లోపలివైపు అంటించి ఉంది. పదకొండు లైన్లు. మొదటి లైను 'చేతులు శుభ్రంగా కడుక్కోవాలి'. అంత వివరంగా రాసిన మనిషిని అనుమానించడానికి నా డిగ్రీ చాలలేదు. రొట్టె మార్చాను, టమాటాల కొట్టు మార్చాను, ఖరీదైన నూనె కొన్నాను. పళ్ళెంలోంచి తీయగానే ముక్క నడుము వంచి నాకు దణ్ణం పెట్టేది.

"ఇది తినాలా, పిండి ఆరెయ్యాలా?" అనేవారు మావారు.

"నువ్వూరుకోవయ్యా," అంటూ అక్క నన్ను వెనకేసుకొచ్చేది. "కొందరి చేతికి రాదంతే. అది మాత్రం ఏం చేస్తుంది పాపం!"

ఆ 'పాపం' వింటే నాకు కళ్ళు చెమర్చేవి. కృతజ్ఞతతో!

మొన్న ఆదివారం బావగారి మేనేజరు, ఆయన భార్య పై వాటాకు భోజనానికి వస్తామన్నారు. బావగారి ప్రమోషను ఆ మేనేజరు సంతకం కోసం కాచుకుని ఉంది. అక్క చేతికేమో పిండికట్టు. తొమ్మిదింటికే నన్ను పైకి పిలిచింది.

"ఇవాళ నీ చేతులే నా చేతులమ్మాయ్. నేను కూర్చుని చెప్తా, నువ్వు చెయ్యి."

"నాతోనా అక్కా? మళ్ళీ మడుగు కట్టేస్తుందేమో."

"కట్టదులే. నేనున్నాగా."

ఎర్ర క్యాప్సికాలు మంట మీద నల్లగా కాల్చి, తొక్క వలిచి, నూనెలో వేశాను. చిట్టి టమాటాలు, తెల్ల చీజు ముద్దలు పుల్లలకు గుచ్చాను. తరవాత రొట్టె మీదికి టమాటాలు తరిగి, ఆకు కలపబోతున్నాను.

"ఆగాగు! ముందు ఉప్పు చల్లి ఆ చిల్లుల గిన్నెలో వెయ్యి. ఇరవై నిమిషాలు ముట్టుకోకు."

"ఎందుకక్కా?"

"నీళ్ళు దిగిపోవద్దూ? లేకపోతే రొట్టె నానిపోదూ!"

అనేసింది. అనేసి, ఆగిపోయింది.

చెప్పినట్టే చేశాను. కింద పెట్టిన గిన్నెలో ఒక్కొక్క చుక్కే పడుతోంది. వంటింట్లో అదొక్కటే చప్పుడు.

"ఇది కాగితంలో లేదక్కా."

"ఎందుకుండదూ? రాసే ఉంటాను."

"లేదు. చేతులు కడుక్కోవడం ఉంది."

అక్క తన పిండికట్టు కేసి చూసుకుంది. "ఇంత చిన్న విషయం నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

"రెండేళ్ళుగా నా రొట్టెలు తింటున్నారు కదా. నాకు తెలీదని మీకు తెలియలేదా?"

"అబ్బా, పొద్దున్నే ఏమిటే ఈ ఆరా! అవతల వాళ్ళొచ్చే వేళైంది." గొంతు తగ్గించింది. "అయినా నీకు చదువుంది, మాటకారితనం ఉంది. అత్తయ్య ఎప్పుడు చూసినా నీ పాటే. నాకంటూ ఒక్కటి ఉంచుకుంటే తప్పా?"

తప్పేం లేదు. ఆ ముక్క ముందే అంటే నేను ఆ వంట జోలికే వెళ్ళేదాన్ని కాదు. నేర్పుతున్నట్టు నేర్పి, పాడైనప్పుడల్లా ఓదార్చింది చూశారూ, అదే నాకు మింగుడు పడలేదు.

ఆ టమాటాలను ఐదు నిమిషాలకే తీసేయొచ్చన్న ఆలోచన రాలేదని బొంకను. వచ్చింది, కూర్చుంది, మంచినీళ్ళు తాగింది, వెళ్ళిపోయింది. ఇరవై రెండు నిమిషాలు ఉంచాను.

భోజనాల దగ్గర రొట్టె కరకరలాడింది. మేనేజరుగారు నాలుగు తిన్నారు. ఆయన భార్య ఫోను తీసి, "ఎలా చేశారో చెప్పండి, రాసుకుంటా," అని అక్కనడిగింది.

"ఏముందండీ! రొట్టె కాల్చి వెల్లుల్లి రుద్దండి. టమాటా తరిగి, ఉప్పూ ఆకూ నూనే కలిపి పైన వేసెయ్యండి. అంతే!"

చెప్పి, అక్క నాకేసి చూసింది. చిన్నగా నవ్వింది కూడా, ఇక మనిద్దరం ఒక జట్టన్నట్టు. ఆ నవ్వు చూసేదాకా నాకు కోపం రాలేదు.

"అక్క మందుల మత్తులో ఉన్నారండీ, పాపం," అన్నాను. "టమాటాలకు ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు చిల్లుల గిన్నెలో వెయ్యాలి. లేకపోతే మీరు రెండేళ్ళు మీ చేతినే తిట్టుకుంటారు."

ఆవిడ నవ్వుతూ రాసుకుంది. బావగారూ నవ్వారు. "అవునవును, మర్చేపోయా," అంది అక్క. ఎడంచేత్తో నా పళ్ళెంలో ఇంకో ముక్క వేయబోయి, వీలుకాక మానేసింది.

సాయంత్రం కిందికి రాగానే మావారు, "ఈసారి బ్రహ్మాండంగా వచ్చిందటగా! వదిన దగ్గరుండి నేర్పిందన్నమాట," అన్నారు. అవునన్నాను.

తరవాత ఒక్కదాన్నే కూర్చుని, ఈ పదేళ్ళలో అక్క నాకు చెప్పినవన్నీ ఒక్కొక్కటే తవ్వుకోవడం మొదలుపెట్టాను. మా పాపకు మూడేళ్ళప్పుడు నాకు కాలేజీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. "ఒప్పుకోకమ్మాయ్, అత్తయ్యకు ఇష్టం లేదు. అడిగి ఆవిణ్ణి బాధపెట్టకు," అని అక్క నా చెవిలో చెప్పింది. నేను అడగలేదు. రానని రాసి పంపేశాను.

లేచి అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఆవిడ మంచం మీద బట్టలు మడత పెడుతున్నారు.

"అత్తయ్యా, అప్పట్లో నాకు ల్యాబు ఉద్యోగం వచ్చింది, గుర్తుందా? నేను వెళ్తానంటే వద్దనేవారా?"

చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని అత్తయ్య నా మొహంలోకి చూశారు.

"నేనెందుకు వద్దంటానే? నీకే ఇష్టం లేదని, నిన్ను కదపొద్దని పెద్దది చెబితే, పిల్లను నేను చూసుకుంటానని చెప్పాలనుకున్నదాన్ని కాస్తా నోరు మూసుకున్నా."