ఇచ్చినోళ్ళకే

అరటిపండు ముందు, తరవాత బిస్కెట్ ప్యాకెట్, చివరికి స్ట్రా గుచ్చిన మామిడి రసం డబ్బా. పంతొమ్మిదేళ్లుగా సవరమ్మ చేతులకు ఆ వరుస అలవాటైపోయింది. రక్తం ఇచ్చి లేచిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం, మోచేతి మడతలో దూది జారకుండా చూడడం, దగ్గర నిలబడి తినిపించి పంపడం ఆమె పని.

భద్రాచలంలోని రక్తనిధిలో ఆయాగా చేరిన ఏడాదే భర్త ఆంథోని పోయాడు. పిల్లలు చిన్నవాళ్లు. రక్తదాన శిబిరంలో మిగిలిన ప్యాకెట్లు సంచిలో వేసుకొచ్చి వాళ్లకు పెట్టేది. కొన్నాళ్లకు, మిగలకముందే పక్కకు తీసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు కూతురు తబితా కొత్తగూడెంలో నర్సు. కొడుకు సొంత లారీ తోలుతున్నాడు. ఇంట్లో డబ్బాలో బిస్కెట్లు మెత్తబడి చీమలు పడుతున్నాయి. అయినా శిబిరం ఉన్న రోజు ఆమె సంచి ఖాళీగా ఇల్లు చేరదు.

ఆ రోజు శిబిరం దుమ్ముగూడెంలో, సెలవులకు మూసిన బడి వరండాలో. ఎండలు ముదిరి, రక్తం ఇచ్చేవాళ్లు పలచబడ్డారు. టెక్నీషియన్ రవీందర్ ఫోన్ చూస్తూ కబుర్లు చెబుతున్నాడు.

"జపాన్ల రక్తమిస్తే ఐస్‌క్రీమ్ పెడ్తరంట. ఇటలీల ఆ రోజు జీతంతోని సెలవు. స్వీడన్లనైతే, నీ రక్తం ఎవరికన్న ఎక్కిచ్చినప్పుడు నీ ఫోన్‌కు మెసేజ్ వస్తదంట."

మంచం మీద పిడికిలి మూసి తెరుస్తున్న జంపయ్య తల తిప్పాడు. అడవి లోపలి గూడెం మనిషి. నలభై ఏళ్లుంటాయి.

"గా ముచ్చట మంచిగుంది సారూ. మనది ఒకలకు పనికొచ్చిందని తెలుస్తది" అన్నాడు.

కాసేపటికి అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పండు తిన్నాడు. బిస్కెట్లు రెండు తిని మిగతావి మడిచి జేబులో పెట్టుకోబోతే సవరమ్మ ఊరుకోలేదు. "ఈడనే తినాలె. తొవ్వల కండ్లు తిరిగి పడ్తవు." అతను తలవంచుకుని అన్నీ తిన్నాడు. రసం తాగాడు. లేచి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, ఇంకొకటి ఇస్తవా?"

బల్ల కింద సంచిలో అప్పటికే ఐదు ప్యాకెట్లున్నాయి. అందుకేనేమో సవరమ్మ గొంతు అంతగా లేచింది.

"రక్తమియ్యనీకొచ్చినవా, బిస్కెట్లకొచ్చినవా? ఇచ్చినోళ్ళకే ఇవి. ఒకలకు ఒకటే!"

పక్క కుర్చీలో ఎవరో కిసుక్కున నవ్వారు. జంపయ్య చొక్కా మీది పొడి దులుపుకున్నాడు. "తప్పైందక్కా" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రవీందర్ దగ్గరికి వచ్చాడు. "గట్లెందుకు అరిచినవక్కా? ఆయన పెండ్లాం గంగక్క గూడ ఇస్తనని వచ్చింది. రక్తం తక్కువుందని నేనే వద్దన్న. కుండల ఉన్న అంబలంత ఆయనకు పోసి, ఆమె ఏం తినకుంటనే ఎనిమిది కిలోమీటర్లు నడిచొచ్చిందంట."

సవరమ్మ వంగి, సంచిలోని ఐదు ప్యాకెట్లూ కొంగులో వేసుకుని ఎండలోకి నడిచింది.

భార్యాభర్తలిద్దరూ బడి గేటు దాటుతున్నారు. గంగక్క బక్కపలచని మనిషి, కండ్ల కింద తెల్లగా పాలిపోయి ఉంది. సవరమ్మ కొంగు ముందుకు చాపింది.

"తీస్కోవమ్మా. ఇవి... ఇవి నాయే."

ఆ మాట తన చెవిన పడగానే ఆమెకు ఒళ్లంతా ముడుచుకుపోయినట్టయింది.

గంగక్క చెయ్యి కొంచెం లేచి, భర్త ముఖం చూసి ఆగిపోయింది. జంపయ్య ముఖంలో కోపం లేదు.

"వద్దక్కా" అన్నాడు నెమ్మదిగా. "ఇచ్చినోళ్ళకే గదా. ఈమె ఇయ్యలే."

ఇద్దరూ రోడ్డెక్కారు. ఆమె ముందు, అతను వెనక. మలుపు దగ్గర గంగక్క ఒకసారి ఆగి మోకాళ్ల మీద చేతులాన్చింది. జంపయ్య ఆమె జబ్బ పట్టుకున్నాడు. టేకు చెట్ల వెనక ఇద్దరూ కనబడకుండా పోయారు.

సవరమ్మ వరండాలోకి తిరిగి వచ్చింది. రవీందర్ మంచాలు మడుస్తున్నాడు.

"అక్కా, మూలకున్న నీ కుర్చీల జూడు. జంపయ్యోళ్లే తెచ్చిన్రు పొద్దుగాల. చెప్పుడు మర్చిన. ఎండకు ఇంత దూరం వస్తున్నరు పాపం, డాక్టర్లకు పెట్టాలె అన్నదంట ఆమె."

కుర్చీలో అడ్డాకు పొట్లం ఉంది. సన్నటి వెదురుపుల్ల గుచ్చి, విప్పేవాళ్లకు తేలిగ్గా ఉండాలని ఆకు కొస బయటికి వదిలారు. లోపల తునికిపండ్లు, ఒక్కటీ చితకలేదు.