మేస్త్రి వీపు

బట్టలకి రంగులద్దే ఆ కార్ఖానా గోడ మీద 'ఇక్కడ అందరూ ఎదుగుతారు' అని యజమాని పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాడు. ఆ గోడ మీద ఎదిగింది బూజొక్కటే. రంగు కలపడం తెలిసిన రెండో మనిషి తయారైతే చాలు, మొదటి మనిషిని ఇంటికి పంపేస్తాడు ఆ మహానుభావుడు.

అందుకే ముసలి మేస్త్రి అందరికీ వీపు తిప్పి రంగు కలిపేవాడు. పని నేర్చుకుందామని కొత్తగా చేరిన ఆమె మెడ సాచి చూడబోతే, "నీకెందుకమ్మా? పోయి బట్ట పిండుకో," అని కసిరేవాడు. ఆయన వీపు మీది చెమట మరకలు కంఠతా వచ్చాయి గానీ, పని మాత్రం రాలేదు. ఆయన పోయాక, తానులకి తానులు పాడుచేసి, నానా తిట్లూ తిని, తనంతట తనే నేర్చుకుంది. మేస్త్రి అయిన రోజున, తన దగ్గరికొచ్చే వాళ్ళకి ఈ గతి పట్టనివ్వనని ఒట్టు పెట్టుకుంది.

ఇవాళ సొంత చెల్లెలి కూతురే పనిలో చేరింది.

"నీలం ఎంత వేశావు పెద్దమ్మా?" అంటూ ఆశగా తొట్టిలోకి తొంగిచూసింది.

ఆమె చెబుదామనే నోరు తెరిచింది. గోడ మీది అక్షరాలు కనబడి గిరుక్కున వీపు తిప్పేసింది.

"నీకెందుకమ్మా? పోయి బట్ట పిండుకో."

ఆ పిల్ల కదల్లేదు. చెమటకి తడిసిన తన వీపు మీద దాని చూపు గుచ్చుకుంటూనే ఉంది. ఆమె ఇటు తిరగలేకపోయింది.