కింది చేనుకు మొదటి వంతు

నేను ఒక చిన్న ప్రోగ్రామును. ఇనుము కాదు, కొయ్య కాదు. రెండు వందల నలభై వరుసల రాతను. గుండ్లవాగు కాలువ కింద ఏ చేనుకు ఏ రోజు ఎన్ని గంటలు నీళ్లు వదలాలో ఫోనులో చెప్పడం నా పని.

నన్ను రాసింది సుభాషిణి. హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆమె తండ్రి పోలయ్య కాలువ మీద లస్కరు. తూములు ఎత్తేదీ దించేదీ ఆయనే. వంతుల కాడ తగాదాలు చూసి చూసి ఆమె నన్ను మొదలుపెట్టింది. పక్కన కూర్చుని ఆయన ఒక్క మాటే చెప్పాడు.

"కింద చేను తడవందే పై చేనుకు తూము లేపగూడదమ్మా. పైనోడు ఎట్టాగైనా తడుపుకుంటాడు."

ఆ మాట నాలో పదకొండో వరుస అయింది.

తర్వాత నన్ను నలుగురూ కోడు పంచుకునే సైటులో పెట్టింది. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ముఖం తెలియనివాళ్లు వచ్చి దిద్దారు. వాన పడ్డ రోజు వంతు ఎట్లా జరపాలో ఎక్కడో బెంగాల్లోని బర్ద్వాన్ నుంచి ఒకాయన రాసిపెట్టి వెళ్లాడు. పేరు కూడా పూర్తిగా చెప్పలేదు. నా బతుకులో మంచి రోజులంటే అవే.

ఆపైన ఒక కంపెనీ వచ్చింది. పొగిడింది. మనుషుల్ని పెడతాం, జిల్లా అంతా వాడేట్టు చేస్తాం అంది. కాలువ పూడిక తీసేటప్పుడు సాయానికి వచ్చినవాడికి తన చేతిలో పార ఇచ్చి పక్కకు జరగడం ఆ ఊరి అలవాటు. సుభాషిణి అట్లాగే నన్ను మార్చే అధికారం మొత్తం వాళ్లకు ఇచ్చేసింది. పార సాయంత్రానికి ఇంటికి వస్తుంది. నేను రాలేదు.

కంపెనీవాళ్లు చెడ్డవాళ్లు కారు. మర్యాదగా రాసేవారు. వాళ్లలో ఎవరూ కాలువ గట్టున నిలబడి ఎరగరు, అంతే. పదకొండో వరుస అర్థం కాక తీసేశారు. దాని బదులు, నీళ్లు ముందు పెద్ద కమతాలకు, మిగిలితే చిన్నవాటికి అని రాశారు. రెండు వంతులు నీళ్లు పారని చేను సాగులో లేనట్టే, జాబితాలోంచి తీసెయ్యమని ఇంకో వరుస చేర్చారు. ఇది ఎందుకు తప్పో సుభాషిణి మూడుసార్లు రాసింది. "మీ సూచనకు ధన్యవాదాలు" అని చర్చ మూసేశారు. ఆమె నా పాత రూపాన్ని విడిగా తీసి మళ్లీ సైటులో పెట్టింది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కాని కాలువ ఆఫీసు వాడేది కంపెనీ రూపాన్నే. పోలయ్య దాని ప్రకారమే తూము ఎత్తాలి.

కాలువ చివర మరియమ్మకు ఎకరన్నర మిరప. పూత మీద ఉంది. రెండు వంతులు నీళ్లు రాలేదు. మూడో వంతు రోజు ఆమె తూము దగ్గరకు వచ్చింది.

"ఏం పోలయ్యన్నా, ఫోనును అడక్కుండా మంచినీళ్లన్నా తాగుతన్నావా?"

ఆమె, తండ్రికి అన్నం తెచ్చిన సుభాషిణి వైపు తిరిగింది.

"నువ్వు రాసిందే గదమ్మా ఇది. మా వంతు ఏడబోయింది?"

"ఇప్పుడది నా చేతిలో లేదత్తా."

"కని పెంచావే, ఎవరి చేతిలో పెడతన్నావో చూసుకోబళ్లా తల్లీ?"

పోలయ్య కింది తూము వైపు చాలాసేపు చూశాడు. ఎత్తితే ఉద్యోగం పోతుంది. ఎత్తలేదు.

వారానికి మరియమ్మ ఎండిన మిరప మొక్కలు పీకి గట్టు మీద కుప్పేసింది.

ఇప్పుడు నేను రెండుగా ఉన్నాను. సుభాషిణి పెట్టిన నన్ను ఎవరూ తెరవరు. రెండో నేను రోజూ ఉదయం ఆరింటికి పోలయ్య ఫోనులో మోగుతాను. మరియమ్మ చేను జాబితాలో లేదు కనుక, "అన్ని చేలకూ నీళ్లు అందాయి" అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపిస్తాను. ఆయన చదువుతాడు. "చూశాను" అని ఉన్నచోట వేలితో నొక్కి, ఫోను జేబులో వేసుకుంటాడు.