పదింటికి ఏడు

నోటి దురుసు మనిషినని నాకు పోతనాళ క్యాంపంతా పేరుంది. ఉంటే ఉండనీ, ఆ నోరే లేకపోతే కృష్ణా జిల్లా నుంచి మూటాముల్లే సర్దుకొచ్చి ఈ రాయచూరు నల్లరేగడిలో కాపురం నిలబెట్టేదాన్ని కాదు. కానీ ఆ భాద్రపదం సంగతి చెప్పాల్సివస్తే మాత్రం ఆ నోటి గురించే చెప్పాలి.

పొలం మాది, కలుపు తీసేది మల్లట్ ఊరి ఆడకూలీలు. వాళ్ళ ముఠాకి మేస్త్రి నింగమ్మ. అంతకు ముందు ఏడు మా తూము పక్క మడిలో పిడుగు పడి సుంకవ్వ అనే మనిషి పోయింది. కలుపు తీస్తున్నది తీస్తున్నట్టే నీళ్ళలోకి ఒరిగిపోయింది. ఆవిణ్ణి ఎడ్లబండిలోకి ఎత్తింది నేనూ, నింగమ్మా. అప్పట్నుంచీ మబ్బు పడితే చాలు, నాకు చేతులాడేవి కావు.

మా మరిది శివరామకృష్ణయ్యకి రేడియోల పిచ్చి. సుంకవ్వ పోయాక అతను అన్నం సరిగా తినలేదు. పాత ట్రాన్సిస్టరు విప్పి, ఏదో పత్రికలో చూసి ఒక డబ్బా కట్టాడు. పాక మీద వెదురుగడ, దాని మీంచి రాగితీగ, కింద డబ్బా. ఎక్కడ మెరుపు మెరిసినా అందులో టక్కుమంటుంది. నిమిషానికి పదిహేను దాటాయంటే ఉరుము మన మీదికి వస్తున్నట్టు. అప్పుడు నేను పాక ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్కని ఇనపకడ్డీతో కొట్టాలి, ఆడవాళ్ళు మడి దిగి పాకలోకి వచ్చేయాలి. ఇదీ ఏర్పాటు.

ఎంతవరకు నమ్మొచ్చయ్యా దీన్ని అని అడిగితే, లెక్క కట్టి చూశాను వదినా, పదింటికి ఏడుసార్లు నిజం చెబుతోంది అన్నాడు. పదింటికి మూడు అబద్ధాలాడే మనిషిని ఇంటి గడప తొక్కనిస్తామా అన్నాను నేను. నవ్వేశాడు. నిజానికి అది ఆదోని అవతల మెరిసినా టక్కుమంటుంది, మా నెత్తిన మెరిసినా టక్కుమంటుంది. దగ్గరా దూరమా అన్నది దానికి తెలీదు.

ఆ ఏడు కలుపు మొదలైన పది రోజుల్లో ఆరుసార్లు పట్టా కొట్టాను. ఆరుసార్లూ ఆడవాళ్ళు బురదకాళ్ళతో పరిగెత్తుకొచ్చి పాకలో కూర్చున్నారు. ఆరుసార్లూ బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. మొదటిసారి భయపడ్డారు, మూడోసారి నవ్వారు, ఆరోసారి నింగమ్మ నా మొహం చూడకుండా తమలపాకు నములుతూ కూర్చుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన రంగయ్య తమ్ముడి మీద ఎగిరాడు. ఇలా అయితే కలుపు తెమలదని, రోజుకూలి మాన్పించి గుత్తకి ఇచ్చేశాడు. అంటే ఈ మడి పూర్తయితేనే ఆ రోజుకి పని అయినట్టు. మధ్యలో లేచి పాకలో కూర్చుంటే ఆ ఆలస్యం ఇక వాళ్ళదే. నాకూ అది సబబుగానే తోచింది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఆ అబద్ధపు చప్పుళ్ళ గుట్టు మరిదే పట్టాడు. మా పక్క పొలం రామదాసుది. కాలవ నీళ్ళు అందనప్పుడు వంకలోంచి తోడుకోవడానికి అతనికో కిరసనాయిలు ఇంజను ఉంది. దాని ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా మా డబ్బా టక్కుమంటోందిట. ఇంజను ఆపించి చూశాడు, చప్పుడు లేదు. వేయించి చూశాడు, ఒకటే మోత. ఇంజనుదయితే ఒక్క తీరున వస్తుంది, మెరుపుదయితే ఎగుడుదిగుడుగా వస్తుంది, జాగ్రత్తగా విను వదినా అని చెప్పి, దానికి విరుగుడు సామానేదో కొనాలని రాయచూరు బస్సెక్కాడు. నేను సరేనన్నాను. కానీ నా బుర్రలోకి ఎక్కింది ఒక్కటే ముక్క. డబ్బా మోగితే అది రామదాసు ఇంజను.

మర్నాడు ముఠాలో ఒక మనిషి తగ్గింది. మడి తెమలదేమోనని మా అమ్మాయి కుసుమని నేనే పంపాను. పదహారేళ్ళ పిల్ల, సరదాగా పావడా ఎగదోపుకుని దిగింది. నేను పాకలో కూర్చుని పచ్చడి నూరుతున్నా. మధ్యాహ్నం దాటాక డబ్బా మొదలెట్టింది. టక్కు, టక్కుటక్కు. మొదలెట్టావూ, అని దాన్ని ఓ తిట్టు తిట్టి నూరడం ఆపలేదు. కాసేపటికి చప్పుళ్ళన్నీ కలిసిపోయి ఒకటే చిటపట. ఎదురుగా మడిలో ఎండ బాగానే ఉంది. పాక వెనక ఏముందో లేచి చూడలేదు.

అప్పుడు రామదాసు మంచినీళ్ళ కోసం పాకలోకి వచ్చాడు. చెంబు అందిస్తూ, ఇంజను వదిలేసి తిరుగుతున్నావేమయ్యా, మా డబ్బా చెవులు చిల్లులు పొడుస్తోంది అన్నాను.

అతను తాగడం ఆపి నావంక చూశాడు.

"నా ఇంజను నిన్న సాయంత్రమే ఆపేశానక్కా. మా తూముకి కాలవ నీళ్ళొచ్చాయిగా."

బయటికొచ్చి పాక వెనక్కి చూస్తే సగం ఆకాశం కాటుకలా ఉంది. రామదాసు తన పొలంలో మనుషులున్నారని అటు పరిగెత్తాడు. కడ్డీ అందుకుని పట్టా మీద బాదాను. చేతులు తిమ్మిరెక్కేలా బాదాను. మడిలో ఒక్క నడుమూ లేవలేదు. నింగమ్మ ఒక్కతే తలెత్తి, చెయ్యి ఊపి, "మబ్బు చూస్తనే ఉన్నంలే అక్కా, ఇంక నాలుగు సాళ్ళే" అని అరిచి మళ్ళీ వంగింది.

తప్పు ఎవరిది? ఆరుసార్లు ఉత్తినే లేపింది నేను. లేస్తే నష్టం వాళ్ళదేనని గుత్త కట్టింది మేము. కడ్డీ పారేసి గట్టు మీద పరిగెత్తాను. రెండుసార్లు జారాను. గాలి ఆగిపోయింది, ఎండ టక్కున మాయమైంది, వరి మీద పచ్చటి రంగు ఒక రకంగా మారింది. గట్టు చివరికి చేరేసరికి ఊపిరాడటం లేదు. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాను.

"కుసుమా! బయటికి రావే తల్లీ! రావే!"

ఆ గొంతు నాదేనంటే నాకే నమ్మకం లేదు. మడిలో అందరూ ఒక్కసారి నిటారుగా లేచారు. నింగమ్మ నా మొహం చూసింది. చేతిలో కలుపు కిందపడేసి, కన్నడంలో ఏదో కేకేసి, పక్కనున్న ఇద్దరి రెక్కలు పట్టుకుని గట్టుకేసి తోసింది. పన్నెండు మందీ నీళ్ళు చిందుకుంటూ పరిగెత్తారు. కుసుమ చెయ్యి దొరకబుచ్చుకుని నేను ముందు, వాళ్ళు వెనక.

పాక ఇంకా ఇరవై బారలుందనగా వెనక తెల్లగా వెలిగింది. ఆ వెలుగులోనే భూమి అదిరింది. చెవుల్లో ఏమీ వినపడలేదు కాసేపు. అర్జునా ఫల్గుణా అనుకుందామంటే నాలుక తిరగలేదు. వెనక్కి చూస్తే, వాళ్ళు అన్నం గంపలు పెట్టుకున్న గట్టు దగ్గర పొగ లేస్తోంది. ఆ గట్టూ ఆ మడిదే, దాని కిందవి ఇందాకటి దాకా వాళ్ళు నిలబడిన నీళ్ళే.

పాకలో చేరి లెక్కపెట్టాను. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టాను. కుసుమని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను, సిగ్గు లేకుండా ఏడ్చాను. బయట వాన దంచికొడుతోంది. ఆడవాళ్ళు తడిబట్టలతో గోడవార కూర్చుని నన్నే చూస్తున్నారు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఎంత కొట్టినా రానివాళ్ళు నా కేకకి ఎలా లేచారే అని నింగమ్మని అడిగాను. ఆవిడ కొంగు పిండుకుంటోంది. కోపంగా అని ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మామూలుగా అంది.

"డబ్బ మాట అయితే నమ్మకపోతుంటిమి. నీ బిడ్డను పిల్చినవు గద, గప్పుడు నిజమని తెలిసింది." కొంగు దులుపుకుని, కాస్త ఆగి అంది. "పన్నెండు మందిమి ఉంటిమి. ఒక్క పేరే పిల్చినవు అక్కా."

భయంలో కన్నకూతురి పేరే వస్తుంది, అది తప్పా అందామనుకున్నాను. కానీ గోడవార వరసగా చూస్తే అసలు సంగతి అర్థమైంది. నాలుగేళ్ళుగా మా పొలంలో వంగుతున్న ఆడవాళ్ళు. పేర్లు పెట్టి పిలుద్దామని నిలబడ్డా, ఆ పదకొండు మందిలో నాకు పేరు తెలిసింది నలుగురిదే.

అన్నం గంపలు కాలిపోయాయి కాబట్టి మా అన్నమే పదమూడు వాటాలు చేశాను. మొదటి వాటా చివర కూర్చున్న ముసలావిడ చేతిలో పెట్టి, నీ పేరేంటమ్మా అని అడిగాను. ఆవిడ అన్నం ఒళ్ళో పెట్టుకుని, నన్నేనా అడుగుతున్నది అన్నట్టు పక్కావిడ వంక చూసింది.