గేటు కార్డు మీది పేరు

టీచరమ్మ ఆరో తరగతికి ఇంగ్లీషు వ్యాకరణం చెబుతోంది. "'మ్యాన్' అంటే ఎవడైనా కావచ్చు, దారినపోయే దానయ్య అయినా సరే. అది కామన్ నౌన్. ఫలానా మనిషి పేరు రాశారనుకోండి, అది ప్రాపర్ నౌన్. మొదటి అక్షరం పెద్దది. ఇంత చిన్న ముక్క తప్పు రాశారో, తోలు తీస్తా!"

ఆమె మాట ముగియకుండానే బడి వెనక ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. కిటికీ అద్దాలు జలజలా రాలాయి. ముందు బెంచీలో ఉన్న మేనకోడలి చెయ్యి పట్టుకుని, సుద్దముక్క కూడా వదలకుండా టీచరమ్మ పరిగెత్తింది.

ఆమెకి ఇద్దరు తమ్ముళ్లు. ఫ్యాక్టరీ ఉద్యోగం పెద్దోడిది. రెండేళ్ల కిందట నడుం విరిగి మంచం పట్టాడు. ఆ సంగతి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది, కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. అందుకని అన్న గేటు కార్డు మెడలో వేసుకుని చిన్నోడు, ఈ మేనకోడలి తండ్రి, పనికి వెళ్లేవాడు. కార్డు సంగతి పిల్లకి మాత్రం చెప్పలేదు. మొహాలు అచ్చు గుద్దినట్టుంటాయి. అలా ఒకరి కార్డు మీద ఇంకొకరు వెళ్లడం అక్కడ కొత్తేమీ కాదు. ఫ్యాక్టరీవాళ్లకి కావలసింది పనిచేసే చేతులు, మొహం ఎవడిదైతే ఏం? ఇంతకీ ఆ ఉపాయం చెప్పిందెవరు? ఈ మహాతల్లే!

గేటుకి చనిపోయిన నలుగురి పేర్ల జాబితా అంటించారు. మూడోది పెద్దోడి పేరు. పొద్దున తన చేత్తో మందు తాగించి వచ్చిన పెద్దోడు! "ఓరి నాయనోయ్, చిన్నోడా!" అని లోలోపలే ఏడ్చి, అక్కడే కూలబడింది. చుట్టూ ఉన్నవాళ్లకి నిజం తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆసుపత్రిలో శవాల గది ముందు గుమాస్తా కాగితం జరిపాడు. "ఏమవుతాడమ్మా మీకు?"

"తమ్ముడు."

"కార్డులో ఉన్న పేరేగా?"

"కాకపోతే?"

అతను కలం దించాడు. "కాకపోతే 'గుర్తు తెలియని మగమనిషి' అని రాసి లోపలే ఉంచేస్తాం. కేసు తేలేదాకా మీకివ్వరు. కార్డు ఎవడిదో వాణ్ణి పోలీసులు పట్టుకెళ్తారు. చెప్పండి, అదేనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిన్నోడు ఎవడో ఒక మనిషిగా ఆ గదిలో పడి ఉండాలి, లేదా పెద్దోడు బతికుండగానే చావాలి. మంచం దిగలేనివాణ్ణి జైలుకెలా పంపుతుంది?

"అదే," అని సంతకం పెట్టింది.

స్ట్రెచర్ బయటికొచ్చింది. మొహం మీద దుప్పటి కప్పి ఉంది. కాలి బొటనవేలికి చీటీ కట్టారు. తల్లి లేని ఆ పిల్ల ఏడుస్తూనే వంగి చదివింది.

"అత్తా! ఇది పెదనాన్న పేరు. అంటే ఇది మా నాన్న కాదుగా?"

గుమాస్తా తలెత్తి చూశాడు.

ఇరవై ఏళ్లుగా తప్పు కనబడితే ఎర్రసిరాతో కొట్టేయకుండా వదిలిన మనిషి కాదు టీచరమ్మ. ఇప్పుడు పిల్లని దగ్గరికి లాక్కుంది.

"కాదు తల్లీ. నాన్న కాదు."

"అయితే సాయంత్రం నాన్న ఇంటికొస్తాడా?"

గుమాస్తా ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"వస్తాడు," అంది.

పిల్ల మొహం తుడుచుకుంది. పక్కకి జరిగి స్ట్రెచర్‌కి దారిచ్చింది.